కొబ్బరి కోరాము లాంటి పన్ను

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది తుని. ఆరు నెలలు ఉండిపోదామని మా అమ్మాయి దగ్గరికి అమెరికా వచ్చాను. వర్జీనియాలో యాష్‌బర్న్ అనే ఊళ్లో ఉంటారు. మే నెలాఖరు సెలవుల్లో అందరం కలిసి పొటోమాక్ నది ఒడ్డున వెస్ట్‌మోర్‌లాండ్ స్టేట్ పార్క్‌కి వెళ్లాం. అక్కడ ఫాసిల్ బీచ్ అని ఒకటుంది. మా మనవడికి తొమ్మిదేళ్లు. నీళ్ల అంచున గులకరాళ్లలో వాడికి ఈ నల్లటి ముక్క దొరికింది. కుట్టుపని టేపుతో కొలిస్తే వాలు అంచు ఇంచిన్నర వచ్చింది. ఇది మెగలోడాన్ అనే రాక్షస సొరచేప పన్ను, అందులోనూ పిల్లదై ఉంటుంది, బోలెడు డాలర్లు చేస్తుంది అని అల్లుడుగారు ఫోన్లో చూసి తేల్చేశారు. మా అమ్మాయి కాదంటుంది. రెండు రోజులుగా భోజనాల దగ్గర ఇదే గొడవ. ఇంతకీ ఏమిటిది? ఎన్నేళ్లది? ఇంత నల్లగా ఉందేం, కాలిందా?

ఇంకో అనుమానం, నవ్వకండి. మా అత్తగారి నాటి సాలగ్రామం మా దేవుడి గదిలో ఉంది. అదీ నదిలో దొరికిన నల్లరాయే కదా. ఈ పన్ను కూడా తీసుకొచ్చి దాని పక్కన పెట్టుకోవచ్చా? చచ్చిన చేప పన్ను ఇంట్లో ఉంచితే మైల అని మా వియ్యపురాలు అంటోంది. ఫోటోలు నాలుగు పంపుతున్నాను.
– ఒక అమ్మమ్మ, తుని (ప్రస్తుతం వర్జీనియా)

జవాబు: అమ్మా, ముందుగా ఫోటోల గురించి మీ ఇంట్లో వాళ్లను మెచ్చుకోవాలి. ఈ శీర్షికకు వచ్చే ఫోటోల్లో సగం అరచేతిలో రాయి పెట్టుకుని తీసినవే. చెయ్యి ఎంతదో తెలియదు, రాయి ఎంతదో తెలియదు. మీవాళ్లు క్వార్టర్ నాణెం పక్కన పెట్టి, ముందూ వెనకా రెండు వైపులా తీశారు. ఆ నాణెం అడ్డుకొలత 24 మిల్లీమీటర్లు. దాన్ని బట్టి చూస్తే పన్ను ఎత్తు 36 దాకా ఉంది. మీ టేపు కొలతతో సరిపోయింది.

సొరచేప పన్నే, అనుమానం లేదు. పెద్ద సొరదే. కాని మెగలోడాన్ కాదు. అల్లుడుగారికి కొంచెం నెమ్మదిగా చెప్పండి.

ఎలా తెలిసిందో చెబుతాను, మీరే చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు. వంటింటి లైటు కింద కాకుండా కిటికీ దగ్గర, పక్క వెలుతురులో చూడండి. ముక్కలో రెండు రకాల పదార్థం కనిపిస్తుంది. మొన వైపు భాగం నున్నగా, పింగాణీలా మెరుస్తుంది. అది పంటి పైభాగం. వెడల్పు వైపు గరుకుగా, సన్న రంధ్రాలతో, మట్టి పెంకులా ఉంటుంది. అది చిగుళ్లలో దిగే వేరు. ఈ రెండూ కలిసే చోట స్పష్టమైన గీత ఉంది. నదిలో అరిగిన చెకుముకి రాయి ఎంత మొనదేలినా ఈ మెరుపూ ఈ గరుకూ పక్కపక్కన ఉండవు. మొదటి పరీక్ష అదే, దాంట్లో మీ మనవడు నెగ్గాడు.

ఇప్పుడు అంచు. ఈ పన్ను కథంతా అంచులోనే ఉంది. మీ రెండో ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేసి, అదీ చాలక భూతద్దం పెట్టి మరీ చూశాను. (నా ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, కుడికి ఇంకా కాలేదు.) రెండు అంచులకూ రంపపు పళ్లున్నాయి. వేరు దగ్గర చిన్నగా మొదలై పైకి పోయేకొద్దీ పెద్దవవుతున్నాయి. మీ ఇంట్లో కొబ్బరి కోరాము ఉంటే తీసి చూడండి, ఇంచుమించు అలాంటి మోటు పళ్లు. కాని మొనకు ఇంకా నాలుగైదు మిల్లీమీటర్లు ఉందనగా టక్కున ఆగిపోయాయి. అక్కడి నుంచి మొన దాకా నున్నటి బాకు. పైగా పన్ను మొత్తం నిటారుగా లేదు, ఒక పక్కకి వంగి ఉంది.

మోటు రంపం, మొన దగ్గర ఆగిపోవడం, పక్కకి వంపు. ఈ మూడూ కలిస్తే అది హెమిప్రిస్టిస్ సెర్రా అనే సొర పై దవడ పన్ను. హెమి అంటే సగం, ప్రిస్టిస్ అంటే రంపం. సెర్రా అన్నా లాటిన్‌లో రంపమే. లూయీ అగాసీ అనే స్విస్ శాస్త్రవేత్త 1830లలో పెట్టిన పేరు. రంపం మధ్యలో ఆగిపోయిందని ‘సగం రంపం’ అన్నాడనుకుంటే మీకు పేరు గుర్తుండిపోతుంది. అక్కడి వాళ్లు వాడుకలో స్నాగుల్‌టూత్ అంటారు, అంటే వంకర పళ్లది అని.

మెగలోడాన్ అయితే అంచు కోత కొడవలి కక్కులా ఉండేది. సన్నగా, సమంగా, వేరు దగ్గర నుంచి మొన కొస దాకా ఎక్కడా ఆగకుండా. మన పల్లెల్లో కొడవలికి కక్కు పెట్టించేవారు గుర్తుందా? అచ్చం అలా. ఇంకో గుర్తు, లోపలి వైపు పంటికీ వేరుకూ మధ్య ముదురు రంగులో వెడల్పాటి పట్టీ ఉంటుంది, మెడలో పట్టెడలాగ. మీ పంటికి ఆ పట్టీ లేదు. మెగలోడాన్ పళ్లలో పెద్దవి 17 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, కాని చిన్నవీ ఉంటాయి కాబట్టి అల్లుడుగారి ‘పిల్ల మెగలోడాన్’ ఊహ మరీ తీసిపారేయాల్సింది కాదు. సైజు చూసి కాదనలేదు నేను, అంచు చూసి కాదన్నాను. ఫోన్లోని యాప్‌లు ఆకారాన్నే చూస్తాయి, అంచును అంతగా పట్టించుకోవు. త్రిభుజంలా నల్లగా ఏది కనిపించినా వాటికి మెగలోడానే.

పులిసొర పన్ను కూడా రంపమే కదా అని ఎవరైనా అడగొచ్చు. దానికి వెనక అంచులో లోతైన గంటు ఉంటుంది, పన్ను మొత్తం కోడిజుట్టులా కనిపిస్తుంది. మీ దాంట్లో ఆ గంటు లేదు. ‘మాకో’ అనే ఇంకో రకం సొర అయితే అంచు నున్నగా కత్తిలా ఉంటుంది, రంపమే ఉండదు.

ఇంకో ముచ్చట. ఈ పన్ను దవడలో ఏ పక్కదో కూడా చెప్పొచ్చు. సొర పంటికి బయటి వైపు చదునుగానూ, నాలుక వైపు ఉబ్బుగానూ ఉంటుంది. ఉబ్బు వైపు మీకు ఎదురుగా, వేరు పైకి, మొన కిందికి వచ్చేలా పట్టుకోండి. ఇప్పుడు మీరు సొర గొంతులో కూర్చుని బయటికి చూస్తున్నట్టు లెక్క. (మీ మనవడికి ఈ మాట బాగా నచ్చుతుంది.) మొన ఎప్పుడూ నోటి మూల వైపే వాలుతుంది. మీ మూడో ఫోటోను అలా తిప్పి చూస్తే ఎడమకి వాలింది. కాబట్టి ఎడమ పై దవడ.

ఎన్నేళ్లదీ అంటే, పన్ను చూసి చెప్పేది కొంత, చోటు చూసి చెప్పేది ఎక్కువ. మీ నాలుగో ఫోటోలో మనవడి వెనక బూడిద రంగు గట్టు నిలువునా కనిపిస్తోంది. అది ఒకప్పటి సముద్రం అడుగు. మయోసీన్ అనే యుగంలో ఆ తీరమంతా లోతు తక్కువ సముద్రం. తిమింగలాలు, డాల్ఫిన్లు, సముద్రపు ఆవులు, వాటిని తినే సొరలు అందులో తిరిగేవి. అడుగున పేరుకున్న బురదే ఆ గట్టు. ఇప్పుడు పొటోమాక్ దాని కాళ్లు కోస్తోంది, వానకు కొంత విరిగి పడుతుంది, అలలు మట్టిని కడిగేసి బరువైన పళ్లను ఒడ్డున వదిలేస్తాయి. పన్ను నదిది కాదు, నది తవ్వి ఇచ్చింది, అంతే. గట్టులో ఒకదాని మీద ఒకటి పొరలున్నాయి, కింద పడ్డ పన్ను ఏ పొర నుంచి రాలిందో చెప్పలేం. అందుకని సుమారు కోటి ఏళ్ల నుంచి 1.8 కోట్ల ఏళ్ల మధ్యది అని రాసుకోండి. అంతకన్నా కచ్చితంగా ఎవరైనా చెబితే నమ్మకండి.

నలుపు కాలడం వల్ల కాదు. సముద్రపు బురదలో ఉన్న ఇనుము, ఫాస్ఫేటు లాంటి ఖనిజాలు పంటి సన్న రంధ్రాల్లోకి ఇంకి రంగు మార్చాయి. ఏ మట్టిలో పడుకుంటే ఆ రంగు. ఒకే వయసు పళ్లు ఒక చోట నల్లగా, ఇంకో చోట తేనె రంగులో, మరో చోట బూడిద రంగులో దొరుకుతాయి. ఎంత నలుపైతే అంత పాతది అనే మాట తప్పు.

పళ్లే ఎందుకు దొరుకుతాయి, మిగతా చేప ఏమైంది అని మీరు అడగలేదు గాని నేను చెప్పకుండా ఉండలేను. సొరకు ఎముకలుండవు. అస్థిపంజరమంతా మృదులాస్థి, మన ముక్కు కొన, చెవి డిప్పలో ఉండేది. చచ్చాక అది కుళ్లిపోతుంది. పన్ను మాత్రం గట్టిది. దాని పై పూతలో పుట్టుకతోనే ఫ్లోరైడ్ ఉంటుంది, మనం పేస్టులో కొనుక్కుని రుద్దుకునేదే. పైగా దవడలో వరుస వెనక వరుస పళ్లు సిద్ధంగా ఉండి, ముందుది ఊడగానే వెనకది ముందుకొస్తుంది. ఒక్క సొర బతికినన్నాళ్లూ వేలకొద్దీ పళ్లు రాలుస్తుంది.

అందుకే మీ వియ్యపురాలిగారికి ఒక మాట. ఇది చచ్చిన చేప పన్ను కానక్కర్లేదు. వేటాడుతూనో తింటూనో ఊడిన పన్ను అయ్యుండొచ్చు, ఎక్కువ పళ్లు అలాంటివే. పిల్లల పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసురుతాం, ఆ పూట మైల పట్టం కదా. ఆ సొర తర్వాత ఇంకెన్నాళ్లు సుఖంగా బతికిందో!

సాలగ్రామం మాటకు నవ్వలేదమ్మా. నిజానికి ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే. మీ సాలగ్రామం నేపాల్‌లోని కాళీ గండకి నదిలో దొరికే రాయి. లోపల చక్రం ఉన్న రకమైతే అది అమ్మోనైట్ అనే సముద్ర జీవి గుల్ల. నత్తలా చుట్ట చుట్టుకున్నా నత్త కాదు, వరసకు ఆక్టోపస్‌కు చుట్టం. హిమాలయం లేవక ముందు అక్కడ ఉన్న సముద్రంలో బతికింది. పదిహేను కోట్ల ఏళ్లకు అటూ ఇటూ. అంటే మీ మనవడి పన్ను కన్నా ఎన్నో రెట్లు పెద్దది. అదీ ఒకప్పటి సముద్రమే, దాన్నీ నదే కోసి ఒడ్డుకు తెచ్చింది. అదొక తమాషా, రెండూ ఒకే దారిన వచ్చాయి.

పక్కన పెట్టుకోవచ్చా అంటే, నేను పురోహితుణ్ణి కాను, రాళ్ల మాస్టార్ని. పెట్టుకోండి. పంచామృతాలతో అభిషేకం మాత్రం దాని జోలికి రానివ్వకండి. ఎందుకో నాకు జరిగింది చెబుతాను. 1979లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మమ్మల్ని ఒడిశాలో బారిపదకు ఫీల్డ్ ట్రిప్ తీసుకెళ్లారు. బుఢాబలంగ నది ఒడ్డున ముకురమటియా అనే ఊరి దగ్గర మయోసీన్ నాటి సముద్రపు పొరలు పైకి కనిపిస్తాయి. సొర పళ్లకు మన దేశంలో పేరున్న చోటు. పొద్దున్నుంచి మోకాళ్ల మీద పాకితే సాయంత్రానికి నాకు ఒకటి దొరికింది. దానికి గట్టి సున్నపు మట్టి అంటుకుని ఉంది. సున్నాన్ని ఆమ్లం కరిగిస్తుందని పుస్తకంలో చదివాను కదా, హాస్టల్లో గ్లాసుడు వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టాను. తెల్లారేసరికి మట్టి పోయింది, పంటి వేరు కూడా సుద్దలా చేతికి రాలిపోయింది. మిగిలింది పైపూత డొల్ల. పన్ను కూడా కాల్షియమే అనే సంగతి రాత్రి పడుకునే ముందు తట్టలేదు. పెరుగూ పులుపే, నిమ్మకాయా పులుపే. మంచినీళ్లూ, పాత టూత్‌బ్రష్షూ చాలు. అక్కడ పొటోమాక్ నీళ్లలో సముద్రపు ఉప్పు కొంత కలుస్తుంది కాబట్టి, రోజూ నీళ్లు మారుస్తూ నాలుగు రోజులు గిన్నెలో ఉంచి, నీడన ఆరబెట్టండి. ఎండలో వద్దు, పగుళ్లిస్తుంది.

అన్నట్టు ఆ బారిపద పొరల్లో మీ హెమిప్రిస్టిస్ సెర్రా కూడా దొరుకుతుంది. అంటే ఆ రోజుల్లో ఈ సొర అక్కడా ఉంది, మన బంగాళాఖాతం వైపూ ఉంది. అది అంతరించిపోయింది గాని దాని జాతిలో ఒక్కటి ఇప్పటికీ మిగిలే ఉంది, హెమిప్రిస్టిస్ ఎలాంగేటా. ఎక్కడనుకున్నారు? అమెరికా వైపు కాదు, మన హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా దాకానూ. పాత దాని పొడవు అయిదారు మీటర్లు ఉండేదని అంచనా, దీనికి రెండున్నర మీటర్లు మించదు. తుని వాళ్లకు సొర సంగతి నేను చెప్పాలా, బాలింతలకు పాలసొర వండిపెట్టే ఊళ్లు మనవి. ఈ వంకర పళ్ల సొరకు మాత్రం ఇప్పుడు గడ్డుకాలం, వలల్లో పడి తగ్గిపోతోంది.

మనవాళ్లు సాలగ్రామంలోని చక్రాన్ని విష్ణువన్నట్టే యూరప్‌లో వాళ్లు ఈ పళ్లకు ‘నాలుక రాళ్లు’ అని పేరు పెట్టుకున్నారు. చంద్రగ్రహణం నాడు ఆకాశం నుంచి రాలతాయని రోమన్ పండితుడు ప్లినీ కాలం నుంచీ ఒక మాట. మాల్టా దీవిలో పాము నాలుకలే రాయయ్యాయని నమ్మి, విషానికి విరుగుడుగా మెడలో కట్టుకునేవారు. 1666లో ఇటలీలో లివోర్నో దగ్గర జాలర్లకు పెద్ద సొర చిక్కింది. దాని తలను ఫ్లోరెన్స్‌కు పంపితే నికొలస్ స్టెనో అనే డెన్మార్క్ వైద్యుడు కోసి చూశాడు. నోట్లో ఉన్నవీ, కొండల్లో దొరికే నాలుక రాళ్లూ ఒకటేనని మరుసటి ఏడు అచ్చు వేశాడు. అయితే సముద్రం పన్ను కొండ రాతిలోకి ఎలా దూరింది అనే ప్రశ్న ఆయన్ను వదల్లేదు. పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, కిందిది ముందుది, పైది తర్వాతది అని తేల్చాడు. నేను ముప్ఫయ్యొక్కేళ్లు ఫస్టియర్ పిల్లలకు మొదటి క్లాసులో చెప్పిన పాఠం ఒక సొర తలలోంచి వచ్చిందే.

డబ్బు సంగతికి వస్తే, ఆ ఒడ్డున ఈ రకం పళ్లు అరుదు కాదు. మీది విరగకుండా, అంచు చెడకుండా ఉంది కాబట్టి అమ్మితే కొన్ని పదుల డాలర్లు రావచ్చు. రెండు రోజుల గొడవకు ఆ మాత్రం కూలి గిట్టదు. అల్లుడుగారికి మెగలోడానే కావాలంటే వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 52 అడుగుల బొమ్మ పైకప్పు నుంచి వేలాడుతోంది, 2019లో పెట్టారు. టికెట్ కూడా లేదు. మేరీలాండ్‌లో సాలమన్స్ అనే ఊళ్లో కాల్వర్ట్ మెరైన్ మ్యూజియం ఉంది, ఈ గట్ల శిలాజాలే వాళ్ల పని. నా మాట మీద నమ్మకం లేకపోతే అక్కడ చూపించండి, నేనేమీ అనుకోను.

అక్కడ ఒడ్డున విడిగా పడి ఉన్నవి ఏరుకోవచ్చు గాని గట్టును తవ్వకూడదు, దాని కిందికి పోయి నిలబడనూ కూడదు. ఆ మట్టి హఠాత్తుగా విరిగి పడుతుంది. ఈసారి వెళ్తే పిల్లల్ని నీళ్ల అంచునే ఉంచండి. ఇంకో సరదా సంగతి: అక్కడ వర్జీనియా హద్దు పోటు తగ్గినప్పుడు నీళ్లు నిలిచే గీత దాకానే. 1877 నాటి తీర్పు ప్రకారం ఆ గీత దాటితే నది మేరీలాండ్‌ది. మీవాడు మోకాలి లోతు నీళ్లలో దిగి తీసుంటే అది పక్క రాష్ట్రం పన్నన్నమాట!

తునికి తేవడం మాత్రం నా సలహా అడిగితే వద్దు. ఆ పన్ను ఆ పిల్లాడిది. చిన్న డబ్బాలో దూది వేసి, చీటీ మీద పెన్సిల్‌తో తేదీ, చోటు, దొరికించుకున్నవాడి పేరు రాయించి అందులోనే ఉంచండి. ఇంకు చెమ్మకు చెదిరిపోతుంది, పెన్సిల్ పోదు. నా బారిపద డొల్లకు చీటీ లేదు. ఎక్కడిదో నాకు తెలుసు గనక సరిపోయింది, నా తర్వాత మా ఇంట్లో అది గులకరాయే.

ప్రశ్న: సార్, నేను మంచిర్యాలలో డిగ్రీ చదువుతున్నాను. మన ప్రాణహిత, గోదావరి ఒడ్డున కూడా సొర పళ్లు దొరుకుతాయా? మా ఫ్రెండ్స్ సముద్రమే లేని చోట సొర ఏంట్రా అని నవ్వుతున్నారు.
– ఒక విద్యార్థి

జవాబు: నవ్వనివ్వు బాబూ. మీ ఉమ్మడి ఆదిలాబాద్‌లో మాలేరి అనే ఊరుంది. ఆ పేరు మీదే మాలేరి పొరలు అని ప్రపంచంలో భూగర్భ శాస్త్రం చదివినవాళ్లందరికీ తెలుసు. సుమారు 22 కోట్ల ఏళ్ల నాటి ఎర్ర బంకమట్టి. అందులో సొరలున్నాయి. సముద్రపువి కావు, మంచినీటివి, జెనకాంత్ అనే పాత తెగ. వాటి గురించి ఎస్.ఎల్. జైన్ 1980లో రాశారు.

కాని పొటోమాక్ ఒడ్డున దొరికే లాంటి త్రిభుజం కోసం వెతికితే నీకు జన్మలో దొరకదు. జెనకాంత్ పన్ను చీమంత నుంచి కందిగింజంత. అటో కొమ్ము, ఇటో కొమ్ము, మధ్యలో చిన్న మొటిక, ఎద్దు తలకాయ ఆకారం. కంటితో ఏరేది కాదు. మట్టి తెచ్చి, నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన ఇసుకను లెన్సు కింద గింజ గింజగా చూడాలి. నదిలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన గులకరాళ్లలో వెతకడం కూడా దండగ, అవి ఎక్కడెక్కడి నుంచో దొర్లి వచ్చినవి. ప్రాణహిత పక్కనే కోట అనే ఊరి పేరుతో మరికొన్ని పొరలు ఉన్నాయి, అక్కడి డైనోసార్ కోటాసారస్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూసే ఉంటావు. ఆసిఫాబాద్ వైపు ఇంకా తర్వాతి కాలపు పొరల్లో టేకు చేప (ఇంగ్లీషులో రే) జాతి పళ్లు, చదునుగా నమిలే రకం, దొరికాయి. ఏదైనా కనబడితే పెకలించకు. ఫోటో తీసి, ఫోన్లో లొకేషన్ గుర్తు పెట్టుకుని, మీ జియాలజీ సార్‌కు చూపించు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఆరు అంగుళాల ‘ఒరిజినల్ మెగలోడాన్ టూత్’ 899 రూపాయలకు అమ్ముతున్నారు. కొనమంటారా?
– కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పేపర్ వెయిట్‌గా అయితే కొనండి. విరగని ఆరంగుళాల అసలు పన్ను ధరలో ఆ అంకెకు ఇంకా చాలా సున్నాలుంటాయి. ఇప్పటికే కొనేసి ఉంటే అంచు వెంట వేలు పోనిచ్చి చూడండి, రెండు సగాలు అతికిన సన్నటి గీత తగులుతుంది. వేరు భాగంలో గుండ్రటి గాలి బుడగల గుంతలు ఉంటాయి. పంటికి తాకిస్తే అసలు పన్ను చల్లగా రాయిలా టక్ మంటుంది, రెజిన్‌ది దువ్వెనలా చప్పుడు చేస్తుంది. అదే ఫోటోతో పది మందికి అమ్ముతున్నారేమో కూడా చూడండి. ఒకే అచ్చు, ఒకే చోట ఒకే గీత.

తా.క.: తుని అమ్మగారికి మళ్లీ ఒక మాట. కాలమ్ పూర్తి చేసి ఫోటోలు మూసేస్తుంటే మొదటి దానిలో కింద కుడి మూల, స్టీలు పళ్లెం అంచున ఒకటి కనిపించింది. సన్నగా, కొక్కెంలా వంగి, ముల్లులా ఉంది. దాని గురించి మీరేమీ రాయలేదు. పక్కన కనిపించే చిన్న చెయ్యి తొమ్మిదేళ్ల పిల్లాడిది కాదు, గాజులున్నాయి. మనవరాలు ఏరుకున్నదా?

అది ముల్లు కాదమ్మా, అదీ పన్నే. నా కుడి కన్ను మోసం చేయకపోతే, అదే హెమిప్రిస్టిస్ కింది దవడ పన్ను. దీనికి పైవాటికీ కిందివాటికీ పోలికే ఉండదు. కిందిది గుచ్చి పట్టుకోవడానికి, పైది కోయడానికి. వేరు మధ్యలో బొడిపెలా నాలుక వైపుకు పొడుచుకొచ్చి ఉంటుంది, పంటి మొదట్లో అంచున నాలుగైదు చిన్న ముళ్లు మాత్రమే ఉంటాయి. ఫోటోలో ఎడమ పక్కన నాకు రెండు కనిపిస్తున్నాయి, కుడి పక్క నీడలో ఉంది. ఎన్నున్నాయో ఆ పిల్లనే లెక్కపెట్టి చెప్పమనండి, క్వార్టర్ పక్కన పెట్టి ఇంకో ఫోటో పంపండి. దానికీ ఒక డబ్బా, ఒక చీటీ.